చక్రం కింద ధాన్యం

ముందు సీట్లో కూర్చోమంటావా? వద్దులేమ్మా, నాకు వెనకే బాగుంటుంది. లైసెన్సు వచ్చిందిగా, హాయిగా నడుపుకో. ఏం, ఎందుకని? చెబితే నవ్వుతావు. నవ్వవులే, నవ్వే సంగతి కాదది.

మార్గశిర మాసం, మూడో లక్ష్మివారం. ఉదయం పదీ ఇరవై. టైం ఎలా గుర్తుందంటావేమో, కారులో గడియారం కేసి చూస్తూనే ఉన్నాగా. పదకొండింటికల్లా పామిడిముక్కలలో మా చెల్లెలింట వాయనం అందుకోవాలి. నువ్వప్పటికి ఒళ్ళో పిల్లవి, మీ అమ్మ చేత స్కూలుకి సెలవు పెట్టించి, నిన్ను పక్కింటి వాళ్ళకి అప్పజెప్పి బయల్దేరాం. మీ అమ్మ కారు నేర్చుకుని నాలుగు నెలలైంది. గుడివాడలో ఆవిడ స్కూలు ఊరికి ఆ చివర కదూ, నిన్ను ఇంట్లో వదిలి వెళ్ళి మళ్ళీ మధ్యాహ్నం వచ్చి చూసుకోవాలంటే కారు తప్ప దారి లేదు. అదీ ఆవిడ అవసరం.

నేనేమో ముందు సీట్లో ఆవిడ పక్కనే కూర్చుని, ఇల్లు దాటిన దగ్గర్నుంచీ ఒకటే సణుగుడు. "ఆ లారీ వెనకాలే ఎంతసేపమ్మా?", "మీ మావగారైతే ఈపాటికి పామర్రు దాటేసేవారు" అని. మీ తాతగారికి స్కూటర్ తప్ప ఏమీ రాదనుకో, అది వేరే సంగతి. స్టీరింగ్ పట్టుకున్న మీ అమ్మ వేళ్ళు తెల్లబడటం చూశాను. చూసి కూడా, అమ్మా, ఇంకో మాట అన్నాను. ఏమన్నానో చెప్పను.

మనది బడిపంతుళ్ళ ఇల్లు. ధాన్యం మనకి బస్తాలో చూడటమే. కాపరానికొచ్చిన కొత్తలో బస్తా బియ్యం నూట పాతికో, ఎంతో, నాకు సరిగ్గా గుర్తులేదు కానీ, కింద పడ్డ గింజ ఏరి కళ్ళకద్దుకుని డబ్బాలో వేసేదాన్ని. లక్ష్మి కదా. కాలు తగిలితే లెంపలేసుకునేవాళ్ళం. అదీ నా పెంపకం.

పామర్రు దాటి లోపలి రోడ్డెక్కాం. కోతలైపోయాయి, మనవైపు సగం రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోశారు. మిగిలిన సగంలో ఎదురుగా ఒకాయన సైకిలు మీద వస్తున్నాడు, వెనక పెద్ద గడ్డిమోపు. ఇప్పుడు ఇలా చెబుతున్నాను కానీ, నేనాయన్ని చూడలేదమ్మా. పగటి వెలుగులో, ఎదురుగా, అంత మనిషిని! నా కళ్ళన్నీ ధాన్యం మీదే ఉన్నాయి. గింజగింజా కనపడింది, మనిషి కనపడలేదు.

మీ అమ్మ చూసింది. స్పీడు తగ్గించి, ఆయనకి దారివ్వాలని ఎడమ చక్రాలు ధాన్యం అంచు మీదకి ఎక్కించింది. పటపటమని చప్పుడైంది. అంతే, నేను "అయ్యో, లక్ష్మివారం పూట ధాన్యం తొక్కుతావా!" అని కేకేసి, ఆవిడ మోచేతిని కుడివైపుకి ఒక్క తోపు తోశాను.

కారు అటు తిరిగింది. అద్దం గడ్డిమోపుకి తగిలి, ఆయన సైకిలుతో సహా పక్కనున్న పంటకాలవ బోదెలో పడ్డాడు. మోపు కింద పడబట్టి తలకేమీ కాలేదు. భుజం దగ్గర ఎముక విరిగింది.

ఆయన పేరు కోటయ్య. ఆ ధాన్యం ఆయనదే. ఆయన భార్య పొలంలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ధాన్యం అలాగే వదిలేసి, ఇద్దర్నీ మా కారులోనే గుడివాడ ఆసుపత్రికి తీసుకొచ్చాం. మీ నాన్న ఆఫీసు నుంచి వచ్చాడు. వస్తూనే, అందరిముందూ, "ఎదురుగా వచ్చే మనిషి కనపడలేదా నీకు? తాళం ఇలా ఇయ్యి. రేపట్నుంచి ఆటోలో వెళ్ళు" అన్నాడు. మీ అమ్మ నాకేసి చూసింది. ఒక్కసారే.

నేనేం చేశానో తెలుసా? మంచినీళ్ళు అడిగాను.

ఆ తర్వాత మిగతావాళ్ళు మందులకి వెళ్ళినప్పుడు కోటయ్య నన్ను పిలిచాడు. "అమ్మగారూ, కారమ్మాయి నన్ను చూసిందండీ. నాకు దారిచ్చింది కూడాను. మళ్ళీ ఇటెందుకు తిప్పిందో అర్థం కాలేదు."

ఆయన దగ్గర దాచలేకపోయాను. "చక్రం ధాన్యం తొక్కుతుందని నేనే తోశాను నాయనా" అన్నాను.

నొప్పిలో కూడా నవ్వొచ్చిందాయనకి. "ధాన్యం తొక్కితే ఏమవుద్దండీ? ఊడ్చుకుని చెరుక్కుంటాం. నన్ను బోదెలోంచి ఎత్తడానికే నలుగురు కావాల్సొచ్చింది."

ఇంటికొచ్చాక మీ నాన్నతో చెప్పాలి కదా? చెప్పలేదు. సాయంత్రం దీపం పెట్టి అష్టోత్తరం చదువుకున్నాను, ఒక్క నామం తప్పకుండా. వంటింట్లో మీ అమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

తెల్లారి కాఫీల దగ్గర చెప్పాను. "ఒరే, తోసింది నేను. దాని తప్పేం లేదు" అని. ధైర్యం వచ్చి కాదమ్మా. కోటయ్య మీ నాన్నతో చెప్పేస్తాడేమోనని భయపడి. ఆయన నోట బయటపడేకంటే నా నోట రావడం నయమని లెక్కేసుకున్నాను. ఇన్నేళ్ళుగా నన్ను తినేసేది అదే. తోసినందుకు దేవుడు క్షమిస్తాడేమో. ఆ రాత్రంతా నోరు మూసుకున్నందుకు...

మీ నాన్న జేబులోంచి తాళం తీసి పొయ్యిగట్టు మీద పెట్టాడు. మీ అమ్మ వెంటనే తీసుకోలేదు. పాలు పొంగేదాకా అక్కడే ఉంది. స్టవ్ ఆపి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు తీసుకుంది. "మీరే చెబుతారనుకున్నానత్తయ్యగారూ, నిన్ననే" అంది.

ఆ రోజూ స్కూలుకి సెలవు చెప్పి, ఆసుపత్రిలో కోటయ్యకి ఇడ్లీలిచ్చి, ఆయన భార్యని ఎక్కించుకుని వాళ్ళ ఊరు వెళ్ళాం, నిన్ను కూడా వేసుకుని. మీ అమ్మే నడిపింది, మీ నాన్న పక్కన కూర్చున్నాడు, నేను నిన్ను ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. ధాన్యం పక్కపొలం వాళ్ళు కుప్పజేసి పట్టా కప్పారు, మంచుకి పైనంతా చెమ్మ. మీ నాన్న పట్టా లాగాడు. మీ అమ్మ, నేను చేటలతో పరిచాం. పరవగానే అయిపోలేదు.

"కాళ్ళతో దున్నాలండీ. లేకపోతే అడుగున ఆరదు" అంది కోటయ్య భార్య.

నేను అంచున నిలబడిపోయాను. మీ అమ్మ చెప్పులు విప్పి దిగింది. మీ నాన్న దిగాడు. ఎవరూ నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. లెంపలేసుకోబోయి ఆగిపోయాను, చేతులు రాలేదు. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ధాన్యంలోకి దిగాను. చల్లగా ఉంది. గింజలు వేళ్ళ సందుల్లోకి దూరుతున్నాయి. మీ అమ్మ కాళ్ళు గీసిన చాలు పక్కనే, కాళ్ళీడ్చుకుంటూ, ఆ చివరిదాకా నడిచాను.