ఏడుమంది తెచ్చిన కప్పు

కుళ్ళాయప్పని మన బోడిగుట్టపల్లిలో ఒగాయప్ప ఉండె. పొద్దంతా నాపరాళ్ళ గనిలో బండలు లేపేది, సందకాడ బంతి తన్నేది, ఇదే ఆయప్ప పని. నలభై ఏండ్లొచ్చినా మానుకోలేదు. మనూరి ఫుట్‌బాల్ టీముకు ఆయప్పే కెప్టెన్, ఎనక కాపలా కాసే బ్యాకూ ఆయప్పే. పందొమ్మిదేండ్లు ఆడినాడంట. టౌన్లో పెట్టే కప్పుకి మూడుసార్లు ఆఖరాట దాకా పోయినాడంట, మూడుసార్లూ ఉత్త చేతుల్తో వచ్చినాడంట. నాలుగోసారి మల్లా ఆఖరాటకొచ్చిరి. ఆదివారం మధ్యాన్నం మూడుగంటలకి ఆట. అంతా బాగనే ఉండె. ఏమైందంటే, శనివారం రేత్రి వాన పడె.

వానంటే అట్లాంటిట్లాంటి వాన కాదప్పా. నలభై దినాలు మబ్బు మొగం సూపించి మొగం సూపించి పోతాండె గదా, ఆ పొద్దు కురిసింది సూడు, వంకలు పారినాయనుకో. శెనక్కాయ ఇత్తేదానికి నేలలో పదును ఎన్ని దినాలుంటాది? మీకు నేను సెప్పాల్నా? రెండు దినాలు. ఎండ కాసిందంటే అదీ ఉండదు. తెల్లారేసరికి ఊరంతా ఇత్తనమేసేదానికి ఎద్దులకి గొర్రు కట్టె. టీములో పదమూడు మందుంటే ఒగొగరే వచ్చి, అన్నా మేం రాలేము, ఇత్తనం పడకపోతే ఏడాది పోతాది అనిరంట. కుళ్ళాయప్ప ఎవర్నీ ఒగ మాటనలేదు. ఏమంటాడు, ఆయప్పకీ మూడెకరాలుండె గదా. ఆఖరికి మిగిలింది ఆయప్పతో కలిపి ఏడుమంది. ఏడుమందికి తక్కువైతే ఆట జరగదంట, అది రూలు. అంటే ఈయప్ప పోకపోతే ఆట ల్యా, కప్పు ఆడకుండానే ఎదుటి టీము గార్లమిట్టోళ్ళకి పోతాది. పోతే చేను పాయె. ఎటు తిరిగినా గుంతే.

కోడి కూసినప్పట్నుంచి గొర్రు పట్టినాడంట. పెండ్లాం సుంకమ్మ ఎనకనే ఇత్తనం ఏస్తా వచ్చె. పదకొండు గంటలకి ఎకరంన్నర అయింది. ఎద్దుల నోట్లో నురగ, ఈయప్ప మొగం నిండా బురద. పొద్దును సూస్తాడు, చేనును సూస్తాడు, మల్లా పొద్దును సూస్తాడు. నోరు తెరిచి మాత్రం అడగడు. సుంకమ్మకి తెలీదా? గొర్రు నిలబెట్టిచ్చి, మాయమ్మను రమ్మని సెప్పినా, ఇత్తనం ఆయమ్మ ఏస్తాది, గొర్రు నేను పడతా అనిందంట. నువ్వు పట్టలేవు మే, అన్నాడంట ఈయప్ప. అప్పుడు సుంకమ్మ అనిందంట, "పందొమ్మిదేండ్లు నీతో పాటు నేనూ ఓడిపోతానే ఉండా గదా. పో." అంతే. కొంగుతో ఆయప్ప మొగమ్మీది బురద తుడిచి పంపించె. పంపించినాదే గానీ, ఆయప్ప గెనెంగట్టు దాటేదాంక గొర్రు కదిలీలేదంట.

మూడుగంటలకి మైదానంలో నిలబడిరి. ఇటు ఏడుమంది, అటు పదకొండు మంది. ఆటకు ఈల ఊదేది ఒగ ముసిలి డ్రిల్లయ్యవారు. ఆయప్ప కుళ్ళాయప్పను పక్కకు పిలిచి, నాయనా, మీలో ఒగరు బయటికి పోయినా ఆట నిలిపేస్తా, గెలుపు వాళ్ళకిస్తా, నన్ను తిట్టుకోవద్దండి అన్నాడంట. సరే సామీ, అన్నాడీయప్ప. ఇంగ సూస్కో, పది నిమిషాలు కాలేదు, ఏమైందంటే, గొర్రెలు మేపే తిరుపాలు లేడా, మన టీములో గోల్ కొట్టేది వాడొక్కడే అనుకో, వాడు బురదలో జారి మడమ మడతేసుకున్నాడు. కాలు పొంగిపాయె. బయటికి పోతే ఆట ఐపోతాది. కుళ్ళాయప్ప పోయి లేపి నిలబెట్టి, పరిగెత్తొద్దురా, వాళ్ళ గోలు తావ పోయి ఊరికే నిలబడు, పడిపోవద్దు, అదొక్కటి చెయ్యి అన్నాడంట. వాడు పోయి ఒంటికాలి మీద కొంగ మాదిరి నిలబడినాడు.

మిగిలింది ఆరుమంది. బట్టలు కుట్టే మాబుసాబు గోలు కాస్తాండాడు, కుళ్ళాయప్పతో కలిపి ఐదుమంది గోలు ముందర అడ్డం. వాళ్ళు కొడతారు, వీళ్ళు అడ్డం పడతారు. వాళ్ళు కొడతారు, వీళ్ళు అడ్డం పడతారు. ఆటంటే అదేనప్పా, ఇంగేం ల్యా. కుళ్ళాయప్పకి కాళ్ళు కాళ్ళ మాదిరి లేవు, ఎవరివో తెచ్చి తగిలించినట్టుండాయంట. బంతి అటు పోయినప్పుడల్లా మొగమెత్తి ఎండను సూస్తాడంట. ఎంత సేపు ఆడాల్నో అని కాదు, చేన్లో పదును ఆరిపోతాందే, ఆడమనిషి గొర్రు పట్టుకోని ఏం అగసాట్లు పడతాందో అని. సగమాటప్పుడు అందరూ నీళ్ళు తాగేదానికి కూసుంటే ఈయప్ప కూసోలేదు. కూసుంటే లేయలేనని భయం.

రెండో సగంలో గార్లమిట్టోళ్ళకి ఇసుగు పుట్టె. ఏడుమందిని, అందులో ఒగ కుంటోన్ని, కొట్టలేకపోతిమే అని వాళ్ళలో వాళ్ళే తిట్టుకునేది మొదులుపెట్టిరి. తిరుపాలును సూసేటోడే ల్యా. వాళ్ళ బ్యాకు ఒగడు బంతిని నింపాదిగా ఎనక్కి, వాళ్ళ గోలు కాసేటోనికి తన్నినాడు. ఆ బంతి పోయి పోయి నడాన నీళ్ళ గుంతలో టప్పున నిలబడె. గోలోడు ముందుకొచ్చేలోపల తిరుపాలు మూడడుగులు, కుంటుకుంటా మూడే అడుగులు ఏసి బంతి మీద పడినాడు. తన్నలేదప్పా, పడినాడు. బంతి వాని మోకాలికి తగిలి మెల్లంగా, ముసిలెద్దు దొడ్లోకి పోయినట్టు, గోల్లోకి పాయె. అరిసేదానికి గూడా మనోళ్ళల్లో ఒగనికీ ఊపిరి ల్యా.

ఇంగా ఇరవై నిమిషాలుండె. ఆ ఇరవై నిమిషాలు ఎట్ల గడిసినాయని కుళ్ళాయప్పనడిగితే, నాకు తెలీదనే సెప్పేది. ఆఖర్న మాబుసాబు సెయ్యి దాటిపోయిన బంతి ఒగటి నేరుగా గోల్లోకి పోతాంటే, ఈయప్ప కాలు లేయక మొగం అడ్డం పెట్టినాడంట. ముక్కులో రక్తం. డ్రిల్లయ్యవారు పరిగెత్తొచ్చి, బయటికి పోతావా నాయనా అనడిగితే, "పోను సామీ. నేను పోతే వీళ్ళు ఊరికే కష్టపడినట్టయితాది," అన్నాడంట. అంగీకొన సింపి ముక్కులో కుక్కోని నిలబడినాడు. ఈల ఊదిరి. గెల్చిరి.

గెల్చినోళ్ళు ఎగరాల గదా? ఎగరలేదు. ఏడుమందీ యాడోళ్ళాడ బురదలో కూలబడిరి. కప్పిస్తామని పిలిస్తే పొయ్యేదానికి లేసినోడు మాబుసాబొక్కడే. వాళ్ళ మొగాలు సూసి ఓడిన గార్లమిట్టోళ్ళే అయ్యో అని సోడాలు తెచ్చి పట్టిచ్చి, తిరుపాలును ఎత్తుకోని ట్రాక్టర్లో కూసోబెట్టిరంట.

పొద్దు గూకే ముందర ఊరికొచ్చిరి. ఎదురొచ్చేదానికి ఊర్లో ఎవరుండారు, అందరూ చేన్లలోనే. కుళ్ళాయప్ప ఇంటి ముందర తిన్నె మీద కూసోనుంటే సుంకమ్మొచ్చె, మోకాలి దాకా బురద, అరిచేతుల్లో బొబ్బలు. ఆయప్ప వాలకం సూసి, మల్లా ఓడిపోయినారా అనిందంట. గెల్చినాం అన్నాడంట. చేను? అనడిగినాడు. ఇంగ నాలుగు సాళ్ళుండాయి, ఎద్దులు మేం నడవమని నిలబడిపాయె అనింది. "వాటికుండే బుద్ధి మనకు ల్యాకపాయె గదమే," అని ఈయప్పంటే, అప్పుడు నవ్విరంట ఇద్దరూ. సుంకమ్మ సెంబుతో నీళ్ళు తెచ్చేలోపల ఆయప్ప తిన్నె మీదే నిద్రపోయినాడు. ఆయమ్మ లేపలేదు. పక్కన్నే కూసోని ఆ నీళ్ళు తానే తాగిందంట.

అదప్పా సంగతి. కప్పు పంచాయితీ ఆఫీసులో ఉండాది, పోయి సూడండి, బూజు దులిపి సూడండి. ఆ పొద్దు ఆడింది ఏడుమందే. మనూర్లో ఇప్పుడు ఎవర్నన్నా కదిలిచ్చి సూడు, నేనూ ఆడినా అనేటోళ్ళు ఇరవైమంది తేల్తారు. అంతమందుంటే కుళ్ళాయప్పకి ముక్కు పగిలేది కాదు గదా.