వామన్‌రావు కరెంటు చెయ్యి

ఆబిడ్స్ పోస్టాఫీసు మెట్ల పక్కన టైపు మిషను పెట్టుకొని అర్జీలు కొట్టే రామచందర్‌కు మూడు నెలలుగా కుడిచెయ్యి చెప్పిన మాట వినడం లేదు. బొటనవేలి నుంచి నడిమివేలి దాకా తిమ్మిరి, మణికట్టులో మంట. పెద్ద దవాఖాన డాక్టరు చెక్క కట్టి చూశాడు, సూది వేసి చూశాడు, చివరికి "లోపల నరం నలిగిపోతోంది, ఆపరేషన్ చెయ్యాలి, సోమవారం పొద్దున రా" అని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ చేతికొచ్చినప్పటి నుంచి రామచందర్‌కు ముద్ద దిగడం లేదు. నరమే కోసేస్తారని అతని భయం. నరం పోతే మిషను పోయినట్టే, మిషను పోతే ఇంట్లో పొయ్యి ఆరినట్టే.

అది అరవై ఎనిమిదో సంవత్సరం, శనివారం సాయంత్రం. నాంపల్లి స్టేషను ఎదుటి ఇరానీ హోటల్లో చీటీ బల్ల మీద పెట్టుకొని కూర్చున్నాడు రామచందర్. పక్కన స్టేషను హమాలీ పోచయ్య సాసర్లో పోసుకొని చాయ్ ఊదుకుంటున్నాడు. అంతలో వామన్‌రావు వచ్చి ఎదుటి కుర్చీలో కూలబడ్డాడు. కోర్టు కచేరీలో తీర్పులకు నకళ్లు రాసే గుమాస్తాగా చేసి మానేసిన పెద్దమనిషి. మాటలు కోటలు దాటుతాయి.

చీటీ చూసి, "ఆపరేషనా? పాగల్ అయినవా రామచందర్?" అన్నాడు. "నాకు గిదే బీమారి వచ్చింది ఏడేండ్ల కింద. నేనేం చేసిన? చిన్న ఫుట్‌రూలు మణికట్టుకు కట్టుకొని పండుకున్న. తెల్లారేసరికి సగం నొప్పి ఖతం."

"గంతేనా?" అన్నాడు పోచయ్య నిరాశగా.

"గంతే అయితే నేనెందుకు చెప్త? సగం మిగిలె గద! గప్పుడు సూది ఏసిన్రు. నా నరానికి తాకంగనే సూది వంగి గాలం లెక్క బయటికొచ్చింది. ఇంకోటి తెచ్చిన్రు, అదీ గాలమే, పదకొండు సూదులు గట్లనే పాయె, నర్సమ్మ ఏడ్సింది, పన్నెండోది దిగింది, దిగితే ఆ మందు మణికట్టు కాడ ఆగుతదా, భుజమెక్కి, మెడ దాటి, నడుము దిగి, కాలికెల్లి చెప్పులకు కారిపాయె. గా చెప్పు గియ్యాల్టి దాంక అరుగలే! ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"మరి నొప్పి?" అన్నాడు రామచందర్ నోరు తెరిచి.

"నొప్పి గట్లనే ఉంది. గౌలిగూడల ఒక వైద్యుడుండె, కరెంటు పెడ్తడు. నా చేతికి రెండు తీగలు చుట్టి మీట నొక్కిండు. నొక్కంగనే ఆబిడ్స్‌ల దీపాలన్నీ ఆరిపోయినయి! కరెంటాఫీసోళ్లు జీపుల ఉరికొచ్చిన్రు, షహర్ కరెంటంతా తాగుతున్న చెయ్యి ఎవరిదని."

రామచందర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. దీపాలకు కాదు. కరెంటుతో నయమవుతుందన్న మాట ఏ డాక్టరూ తనకు చెప్పలేదే అని.

"తీగలు ఇప్పిన్రు గని, కరెంటు నా చేతులనే ఉండిపాయె. ఒకనాడు కాజీపేట పాసింజరు కదిలింది, మా ఇంటామె సౌభాగ్య ఇంకా ఎక్కలే. జర చెయ్యి లేపిన. బండి ఆగుడే గాదు, ఎనకకొచ్చింది!"

"నేను పదిహేనేండ్ల సంది గా టేషన్లనే మోస్తున్న సాబ్," అన్నాడు పోచయ్య. "నేను చూడలే."

"నువ్వు గా దినం రాలే," అన్నాడు వామన్‌రావు తడుముకోకుండా. "బండి సంగతి ఇడిసిపెట్టు. గీ చేత్తోని నేను నకలు రాస్తుంటే చూడాలె. జడ్జి సాబ్ తీర్పు చదువుడు సురువు చేసేసరికి నా రాసుడు అయిపోయేది. కాగితం మీద పొగలు లేసేటివి. ఒకనాడు ఊపు ఆగక, రేపు చెప్పబోయే తీర్పు ఇయ్యాల్నే రాసేసిన! ముద్దాయి గది చదువుకొని కచేరీకి రాకుండనే సక్కగ ఇంటికి పాయె. మిగిలిన గుమాస్తాల పొట్ట కొట్టుడెందుకని నేనే నౌకరి ఇడిసిన."

ఇవన్నీ కోతలని రామచందర్‌కు తెలియక కాదు. కానీ వంద అబద్ధాల్లో ఒక్క నిజం దొరికినా ఆపరేషన్ తప్పుతుందని ప్రాణం కొట్టుకుంటోంది. చీటీ తిరగేసి, కలం తీసి ముందు పెట్టాడు.

"అన్నా, గా గౌలిగూడ వైద్యుని పేరు, పత్తా రాసియ్యి. సోమారం దవాఖానకు పోను. ఆయన కాడికే పోత."

"నోటితోని చెప్త, రాసుకో."

"గీ చెయ్యితోని రాయరాకనే గద అన్నా నా గోస. నువ్వే రాయి."

"రాయుండ్రి సాబ్, పొగలు చూస్తం," అని పోచయ్య కలం తీసి వామన్‌రావు కుడిచేతిలో పెట్టాడు.

కలం జారి బల్ల మీద పడింది. మళ్లీ తీసి చూపుడువేలికి ఆనించుకున్నాడు, బొటనవేలు దాని మీదికి రాలేదు. మళ్లీ జారింది. అప్పుడు చూశాడు రామచందర్. బొటనవేలి మొదట్లో ఉండాల్సిన కండ లేదు. అక్కడ గుంట పడి, తోలు ఎముకకు అంటుకొని ఉంది. పోచయ్య చేతిలోని సాసరు బల్ల మీదికి ఒలికింది.

"ఏందన్నా గిది?"

వామన్‌రావు తల వంచుకున్నాడు. "నాకు గూడ గిసొంటి చీటీనే ఇచ్చిన్రు. ఆపరేషన్ దినం పొద్దున భయమై దవాఖాన ఎనక గేటుకెల్లి ఉరికొచ్చిన. ఏడాదికే కలం నిలువలే, నౌకరి తీసేసిన్రు. వాళ్లు నరం కొయ్యరంట రామచందర్, దాన్ని ఒత్తుతున్న పట్టీని కోస్తరంట. గప్పుడు నేను అడగనన్న అడగలే. ఇప్పుడు చేసినా గీ కండ రాదన్నరు."

"మరి గౌలిగూడ వైద్యుడు?"

"లేడు."

రామచందర్‌కు కోపం ముంచుకొచ్చింది. రెండు నిమిషాల్లో తన చెయ్యి కూడా ఇలా చేసుకోబోయాడు. అరుద్దామనుకున్నాడు గానీ ఆ గుంట మీది నుంచి చూపు మరలలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సోమారం నువ్వు గూడ రావాలె అన్నా," అన్నాడు. "ఎనక గేటు కాడ నిలబడు. నేను ఉరికొస్తే పట్టి లోపలికి గుంజు."

వామన్‌రావు తాను రైలాపిన సంగతి ఎత్తలేదు. "ఎన్ని గంటలకు రావాలె?" అని మాత్రం అడిగాడు.