డ్రోన్‌కు ఉత్తరం చూపించిన మొగిలి

బోథ్ బస్టాండు పక్కన యాదవ్వ చాయ్ హోటల్ల మొగిలి గొంతు సవరించిండంటే, వినేటోళ్ల చేతుల చాయ్ చల్లారుడు ఖాయం. ఇయ్యాల మాత్రం ఆయన కన్ను ఒక్క సిద్దిరాములు మీదనే ఉన్నది. మొగిలి కోడలు ప్రిస్కిల్లా డ్రోన్‌తోని పురుగుల మందు కొట్టుడు నేర్చుకొని వచ్చింది. సొంత చేన్ల తప్ప ఇంకెక్కడా ఎగిరెయ్యలే. సిద్దిరాములు ఒక్కడు పిలిస్తే మిగిలిన పత్తి రైతులందరు పిలుస్తరు. ఆయనేమో పోయినేడు ఎవరిదో డ్రోన్ అదుపు తప్పి కరెంటు తీగల మీద పడంగ కండ్లార చూసినోడు.

"నిన్న మా చేన్ల ఏమైందో ఎరికేనా?" మొదలువెట్టిండు మొగిలి. "డ్రోన్ ఊకె లేవదు. లోపట దిక్సూచి ఉంటది, ముందుగాల దానికి దిక్కులు సూపియ్యాలె. ఇద్దరు చెరో పక్క పట్టుకొని గుండ్రంగ తిప్పాలె, సంటిపిల్లకు ఊరు సూపెట్టినట్టు. కోడలు ఓ పక్క, నేనో పక్క. ఒక్క సుట్టు తిప్పిన, పచ్చలైటు వెలిగింది!"

"గంతేనా?" సిద్దిరాములు తువ్వాల దులిపి లేవబోయిండు.

మొగిలి ఆయన తువ్వాల కొస పట్టుకున్నడు.

"గంతేనా అంటవా? కూసో జర! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను తిప్పిన ఊపుకు పత్తికాయలు టపటప పలిగి దూదంత గాల్లకు లేసింది. మబ్బయింది. గా మబ్బు పోయి ఆదిలాబాద్ల జిన్నింగు మిల్లు మీద కురిసింది. సేట్లు బస్తాలు పట్టుకొని రోడ్డు మీదికి ఉరికిండ్రు!"

"తడిసిన పత్తిని ఎవడు కొంటడు కాకా?" మూలకెల్లి ఎవరో అన్నరు.

"తడెక్కడిదిరా? తేమ సూసే మిషన్ సున్నా సూపెట్టింది! ఇగ పైన ఉపగ్రహాలుంటయ్ గదా, డ్రోన్ ఏడున్నదో చెప్పేటియి, అవన్ని మా చేను మీద గుమిగూడినయ్. 'మొగిలయ్యా, నీ తాన ఉత్తరం సరిగ్గున్నదట, మాక్కూడ సూపియ్యి' అని బతిలాడినయ్. సూపెట్టిన. సముద్రాల మీద తప్పిపోయిన ఓడలన్ని ఒడ్డుకు చేరినయ్. దుబాయికెల్లి మా పక్కింటి పోరడు ఫోన్ చేసిండు, 'కాకా, ఇయ్యాల పొద్దు తూర్పుకే పొడిచింది, నువ్వేనా?' అని!"

హోటలంత గొల్లున నవ్వింది. సిద్దిరాములు నవ్వలే.

"అంటే నువ్వు పట్టుకుంటెనే డ్రోన్ లేస్తదన్నట్టు. మరి పిల్లకు ఏమొచ్చు కాకా?"

కథ ఆకాశమంత అయింది గని, అండ్ల కోడలికి నిలబడ జాగ లేకుంటయింది.

చాయ్ వడపోస్తున్న యాదవ్వ గిన్నె దించింది. "నేను చెప్త విను సిద్దిరాములూ. నా చేను పక్కదే. ఈ అన్న పట్టుకున్నంతసేపు ఎర్రలైటే. ఎంత తిప్పినా ఎర్రలైటే. సూడొచ్చినోళ్లు నవ్వుతుండ్రు, 'ఏంగాదు, ఎగిరెయ్యి' అంటుండ్రు. పిల్ల ఎగిరెయ్యలే. ఇనుము దగ్గరుండొద్దని బండిని దూరం పెట్టించింది, గడ్డపార తీయించింది, ఆఖరికి ఈయన చెయ్యి సూసింది."

అందరు మొగిలి మణికట్టు చూసిండ్రు. కీళ్ల నొప్పులకు తొడిగే అయస్కాంతం కడెం. ఆయన పెండ్లాం ఆనందమ్మ కాలం చేసే ముందు తన చేతులతోని తొడిగింది. తానం చేసేటప్పుడు గూడ తీయడు. అయస్కాంతం పక్కనుంటే దిక్సూచికి దిక్కు తెలువదు.

"తియ్యుమని అడగలే," యాదవ్వ గొంతు తగ్గింది. "'ఎండ గొడుతుంది మామా, గా చెట్టు కింద కూసోండ్రి' అన్నది. నన్ను పిలిచింది. ఇద్దరం తిప్పినం, ఒక్కసారికే పచ్చలైటు."

ఎండకనే కూసోబెట్టిందని నిన్నటిసంది అనుకుంటుండు మొగిలి. కడెం మీద వేళ్లు పెట్టుకున్నడు.

సిద్దిరాములు చల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగిండు. "రేపు పొద్దుగాల పిల్లను పంపు కాకా. ఎర్రలైటుండంగ ఎగిరెయ్యని మనిషే నాకు గావాలె. నువ్వు గూడ రా, గట్టు మీద కూసుందువు."

మొగిలి ముక్కు తుడుచుకున్నడు. మెల్లగ ఛాతి ఉబ్బింది.

"గట్టు సాలదు సిద్దిరాములూ. గిది ఆనందమ్మ తొడిగిన కడెం, దీని బలం నీకెరుక లేదు. మా పిల్ల డ్రోన్ లేస్తుందంటే నేను పెన్‌గంగ దాటి మహారాష్ట్రల కూసోవాలె!"