గుంజ చుట్టూ

మొన్ననే దున్నిన చేను. నడుమ ఒక గుంజ, దాని పక్కనే నేలలోకి దించి నీళ్లు పోసిన ఇనుప రింగు. మట్టి పరీక్షకొచ్చిన ఆఫీసరూ, బిడ్డను భుజాన వేసుకున్న ఆ ఇంటి కోడలూ.

"కాస్త నిలబడమ్మా తల్లీ. నువ్వలా చుట్టూ తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"ఆగితే వీడు లేస్తాడు సార్. వీడు లేస్తే ఊరు ఊరంతా లేస్తుంది. నీళ్లు దిగాయా?"

"లేదు."

"కొంచెం కూడానా?"

"ముప్పావుగంట అయింది. స్కేలు మీద ఎక్కడున్నవి అక్కడే. పైగా ఒక చీమ ఈత కొడుతోంది."

"ఇంకో పావుగంట ఉందిగా సార్."

"ఉంది. గంటలో ఇంకకపోతే 'నీళ్లు తాగని నేల' అని రాసేస్తాను. కాలువ మీ చేలోకి రాదు, పక్క చేలోకి మళ్లిపోతుంది."

"అయ్యో, అలా అనకండి. బోరు ఎండిపోయింది. కాలువ కూడా రాకపోతే మేం ఇక్కడ ఏం వేసుకోవాలి?"

"అయితే నిజం చెప్పు. ఇక్కడ ట్రాక్టరు ఆపేవారా?"

"లేదు."

"గొడ్లను కట్టేశారా?"

"మాకు గొడ్లెక్కడివి సార్?"

"మరి నేల ఇంత గట్టిగా ఎలా అయింది? రోడ్డు వేసినట్టుంది."

"నాకేం తెలుసు సార్, ఏడో క్లాసుతో ఆపేశాను."

"క్లాసుల సంగతి అడిగానా? ఎవరు తొక్కారని అడిగాను."

"ఏం అడిగినా తెలీదని చెప్పమన్నాడు మా ఆయన."

"అంటే తెలుసన్నమాట. చెప్పమ్మా."

"వీడు సార్. ఎత్తుకుని తిరిగితేనే పడుకుంటాడు. ఇంట్లో తిరిగితే, నీ అడుగుల చప్పుడుకి నాకు కునుకు పట్టట్లేదంటుంది అత్తయ్య. చేలో తిరిగితే మొక్కలు తొక్కుతున్నానని ఆయన అరుస్తాడు. మీ ఆఫీసువాళ్లు పరీక్షకని ఈ గుంజ పాతి, చుట్టూ దున్నొద్దు, ఏమీ వేయొద్దు అన్నారుగా... ఆ ఖాళీలో తిరిగాను."

"ఎన్నాళ్లు?"

"ఎనిమిది నెలలు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు. పళ్లు వచ్చేటప్పుడు ఎంతసేపో నాకే తెలీదు."

"దేవుడా! ఇప్పుడు కూడా తొక్కుతూనే ఉన్నావు కదమ్మా!"

"ఆగితే లేస్తాడని చెప్పానుగా! మిగతా చేనంతా గుల్ల సార్, కాలు పెడితే దిగబడుతుంది. అక్కడ పోయండి. మీ కాళ్లు పట్టుకుంటాను... అంటే, వీడు లేచాక."

"గుంజ ఉన్నచోటే పోయాలి. అది రూలు."

"అయితే గుంజనే తీసుకెళ్లి అక్కడ పాతితే? సార్, గుంజ కదలకూడదని రూల్లో ఉందా?"

"అది కదులుతుందని ఎవరూ అనుకోలేదు. ఆగు, ముందు అటు చూడు. ఎవరూ లేరుగా? సరే, పీకు."

"నా చేతుల్లో వీడున్నాడు. మీరే పీకండి."

"అబ్బా... రావట్లేదు... ఏం తొక్కావమ్మా, నట్లు పెట్టి బిగించినట్టుంది! నా నడుం పట్టేసింది."

"తప్పుకోండి, నేను చూస్తాను. వీణ్ణి పట్టుకోండి. నడవాలి సార్, నడవాలి! ఆగొద్దు!"

"నడుస్తున్నాను. తల ఇటా, అటా?"

"భుజం మీదికి. ఊఁ... ఊఁ... హమ్మయ్య, వచ్చింది! ఇదిగో, ఇక్కడ పాతేశాను. రింగు పెట్టాను. నీళ్లు పోస్తున్నా, గడియారం చూడండి."

"చూస్తున్నాను. పోయమ్మా."

"పోశాను."

"ఎక్కడ పోశావు?"

"రింగులోనే సార్! ఇప్పటిదాకా ఉన్నాయి... అయిపోయాయి. చూశారా, గుక్క తిప్పుకోకుండా తాగేసింది! రాయండి సార్, రాయండి!"

"రెండు నిమిషాలు. అయ్యో, అమ్మా."

"అయ్యో ఎందుకు?"

"పావుగంట లోపే ఇంకితే 'నీళ్లు నిలవని నేల' అని రాయాలి. దానికీ కాలువ రాదు. పావుగంటకీ గంటకీ మధ్యలో ఇంకాలి."

"ముందే చెప్పొచ్చుగా సార్!"

"ఇంత దాహమేసిన నేల ఉంటుందని నేనేమైనా కలగన్నానా? ఇదిగో, బాబు హాయిగా పడుకున్నాడు. తీసుకో, నేను వెళ్తాను."

"ఆగకండి సార్, ఆగితే లేస్తాడు! ఇటు రండి, ఈ గుంజ చుట్టూ తిరగండి. మీ బరువుకి సాయంత్రానికల్లా ఇది అరగంట నేల అయిపోతుంది."