గేటు దగ్గరి ఈల

పశువైద్యశాల నుండి తిరిగివచ్చిన వృద్ధ దంపతులు తమ ఇంటి వరండాలో కూర్చున్నారు. వారి ముసలి కుక్క బంటు ఇద్దరి నడుమ పడుకొని ఉంది. మొదట ఆవిడే నోరు విప్పింది.

“డాక్టరు చెప్పింది విన్నారుగా. మైలోమా అట. మూలుగకు పట్టే క్యాన్సరు. వీడి ఎముకలన్నీ గుల్లబారిపోయాయట. గట్టిగా ఓ గెంతు గెంతితే కాలు విరగొచ్చట.”

“విన్నాను. మాత్రలు వేస్తే కొంతకాలం హాయిగా తిరుగుతాడని కూడా అన్నాడు.”

“మాత్రలు నేను వేస్తాను. మీరు మాత్రం ఇక ఈల వెయ్యకండి.”

“ఏ ఈల?”

“ఏమీ ఎరగనట్టు! సాయంత్రం మీరు బయటినుంచి వస్తూ గేటు దగ్గర ఈల వెయ్యడం, వీడు ఈ మెట్లన్నీ ఒక్క గెంతున దాటి మీ మీదికి ఉరకడం. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను.”

“ఆఫీసులో నన్ను చూసి లేచి నిలబడ్డవాళ్ళే గాని, నాకోసం పరుగెత్తుకొచ్చినవాడు వీడొక్కడే.”

“నేనూ వచ్చేదాన్ని, పెళ్ళైన కొత్తలో. ఇరుగుపొరుగు చూస్తారని మీరే కళ్ళెర్రజేశారు.”

“వీడి మీదా ఎర్రజేశాను. వీడు లెక్కచెయ్యలేదు.”

“రేపట్నుంచి పెరటి తలుపున రండి, చప్పుడు కాకుండా.”

“ఈల వినపడకపోతే నేను రాలేదనుకుంటాడోయ్. గేటుకేసి చూస్తూ అలాగే కూర్చుంటాడు.”

“కాలు విరిగితేనో?”

ఆయన వంగి బంటు ముందరి కాలిని మెల్లగా నిమిరాడు.

“సరే, పెరటి తలుపునే వస్తాను. వచ్చి, వీడి పక్కన నేలమీద కూర్చుని, అప్పుడు వేస్తాను ఈల.”

“ఆ మోకాళ్ళతోనా? మిమ్మల్ని మళ్ళీ లేపేదెవరు?”

“నువ్వు పరుగెత్తుకురా. ఇరుగుపొరుగు చూస్తే చూడనీ.”