సగం గీసిన గడ్డం

హలో… ఆ, నేనే, మీ వదినని. షాపు నుంచేనా?… కుర్చీలో మనిషికి సబ్బు రాసి, సగం గడ్డం గీసి బాత్రూంకి వెళ్లొచ్చావా? బాగుంది వరస.

లేదు, మీ అన్నయ్యకి ఇప్పుడే కాస్త నిద్రపట్టింది. లేపను… నాతోనే చెప్పు.

ఆ… వచ్చింది రిపోర్టు.

… ప్రోస్టేట్ క్యాన్సరేనయ్యా. ఎముకలకి పాకిందన్నారు.

… ఆ, ఎముకలకే. సరిగ్గానే విన్నావు.

ఆ నడుం నొప్పి అదేనట. రోజంతా నిలబడి గడ్డాలు గీసే మనిషికి నడుం పట్టేయక ఏమవుతుంది అనుకున్నాం.

… షుగరే కదా అని నువ్వొక్కడివే అన్నావా? అందరం అన్నాం. రాత్రిళ్లు ఊరికూరికే ఒంటికి లేస్తే షుగరు. బాత్రూంకెళ్లి ఎంతకీ రాకపోతే అదీ షుగరే. అన్నీ దాని నెత్తినే వేశాం.

డాక్టర్ని అడిగాను. షుగరున్నవాళ్లకి ఈ జబ్బు కొంచెం తక్కువేనట… ఆగు, అప్పుడే ఊపిరి పీల్చుకోకు. వచ్చిందంటే మాత్రం కొందరికి ముదిరాకే బయటపడుతుందట. అన్నకుంటే తమ్ముడూ చూపించుకోవాలన్నారు.

… నీకేం లేదని నీకెవరు చెప్పారు?

ఎక్కడికి?… మళ్లీనా? ఇప్పుడేగా వెళ్లొచ్చావు!… సరే, వెళ్లు. పెట్టేయకు, లైన్లోనే ఉంటాను.

…

…

వచ్చావా. ఇంతసేపా?

… నవ్వకు. "అన్నదమ్ములం నైట్ డ్యూటీలో ఉన్నాం" అని మీ ఇద్దరికీ అదో పెద్ద జోకు. ఆయనా ఇలాగే నవ్వేవారు.

ముందు రక్తపరీక్షేనయ్యా. షుగరుకి ఎలాగూ ఇస్తున్నావు, ఇంకాస్త ఇవ్వు. ఆ తర్వాత సంగతి డాక్టరు చెబుతారు.

… సిగ్గేంటి? వదినతో ఇంత మాట్లాడాక ఇంకా సిగ్గేంటి నీకు?

అది సరే, ఇంటికెందుకు రావట్లేదు? ప్రతి ఆదివారం ఒకరి గడ్డం ఒకరు గీసుకునేవాళ్లు. ఇప్పుడు ఆయన బుగ్గలే కనబడట్లేదు. ఇంకొకరిని పిలుస్తానంటే ఒప్పుకోరు. "వాడొస్తాడులే" అంటారు. గుమ్మం వైపే చూస్తుంటారు.

… తెలుసు. ఆయన్ని అలా చూడలేవు. నేను చూస్తున్నానుగా.

… మరి నీ గడ్డం ఎవరు గీస్తున్నారు?

… అదీ సంగతి. ఇద్దరూ ఒకేలా తయారయ్యారన్నమాట.

రేపు పొద్దున్నే బయల్దేరు. ముందు ఆసుపత్రి, నేనూ వస్తాను. అక్కణ్నుంచి ఇంటికి. కత్తి, బ్రష్షు తెచ్చుకో… లేదయ్యా, ఆయన నీకు గీయలేరు. చెయ్యి వణుకుతోంది. నీ వంతు వచ్చినప్పుడు అద్దం పట్టుకుంటారు.

… "చూద్దాం" కాదు. వస్తానను.

… గట్టిగా చెప్పు, వినబడలేదు.

… ఊఁ.

ఏడవకు… ఏడవకయ్యా. కుర్చీలో ఆ మనిషి ఎదురుచూస్తుంటాడు. మొహం మీద సబ్బు ఆరిపోతుంది.

వెళ్లు. పెట్టేస్తున్నా.