కోడి ఉడికేదాకా

హలో… ఆ, నేనే అత్తా. నకిబూకాని, నీ మేనకోడల్ని.

కొంచెం చెవి దగ్గరగా పెట్టుకో, గట్టిగా మాట్లాడలేను. ఈ నన్సానా పేటలో అద్దె గదుల సంగతి నీకు తెలుసుగా. పక్క గదిలో పసిపిల్ల ఆవులించినా ఇటు వినబడుతుంది.

ఫోన్లోంచి డబ్బు పంపాను. ఇందాకే. వచ్చిందా?

…హమ్మయ్య. మొత్తం వచ్చిందిగా?… సరే. అది నీ దగ్గరే ఉంచు. రహస్య నంబరు ఎవరికీ చెప్పకు. పాస్టరుగారికి కూడా చెప్పకు.

…

అత్తా, నేను వెళ్ళిపోతున్నా. ఇవాళే.

…ఊఁ ఏంటి? తిట్టవా?… తిడతావని గుండె రాయి చేసుకుని ఫోన్ చేశా.

లుబేగా ఇంట్లో లేడు. తెల్లారకముందే పోయాడు. ఎక్కడికో చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే "ఎందుకడుగుతున్నావ్" అంటాడు. దానికి జవాబు చెప్పేసరికి పొద్దు గుంకుతుంది.

కానీ ఇవాళ బయట తాళం వెయ్యలేదత్తా! మర్చిపోయాడో, నన్ను పరీక్షిస్తున్నాడో… తలుపు తోసి చూశా. తెరుచుకుంది. మళ్ళీ వేసి, మళ్ళీ తోసి చూశా. అయినా నమ్మకం లేదు.

…ఊఁ.

డబ్బు నీకెందుకు పంపానంటావేమో. ఈ ఫోన్ లైను ఆయన పేరున ఉందత్తా. నాకు గుర్తింపు కార్డు లేనప్పుడు ఆయనే తన కార్డు పెట్టి తీయించాడు. అప్పుడు ఎంత మురిసిపోయానో. ఇప్పుడు ఆయన దుకాణానికి వెళ్ళి "నా సిమ్ పోయింది" అంటే చాలు. ఇదే నంబరు ఆయన చేతిలో పెడతారు. నేను పళ్ళరసం అమ్మి దాచిందంతా ఈ నంబరు ఖాతాలోనే ఉండేది. అందుకే ముందు నీకు పంపేశా.

గదేమో నా పేరున. చూశావా చిక్కు! ఆయన ఎగ్గొట్టిన అద్దె నా మెడకి, నా సంపాదన ఆయన గుప్పిట్లోకి.

…

ఎక్కడికి పోతానో నీకూ చెప్పను. కోపం తెచ్చుకోకు. నీకు తెలియకపోతే నిన్ను అడిగినా…

…ఏంటి?… కోళ్ళా?

నేనేం చెబుతున్నా, నువ్వేం మాట్లాడుతున్నావ్? తెల్ల పుంజు బలిసిందా… మంచిది, బలవనీ. అత్తా, నా బతుకు ఇక్కడ…

…

ఆగు.

అత్తా. నీ కళ్ళద్దాలు ఈస్టరుకే విరిగిపోయాయిగా. డబ్బు వచ్చిందన్న మెసేజి ఎవరు చదివి పెట్టారు?

…

"ఇంటికొచ్చినవాళ్ళు" అంటే?

…

అత్తా, నువ్వేం చెప్పకు. ఒక్కటే చెయ్యి. నీ పక్కన ఉన్నది లుబేగా అయితే… దగ్గు.

…

…దగ్గావు.

దేవుడా.

నా మాటలు వినబడ్డాయా? నీ ఫోన్ ఊరంతా వినబడుతుందిగా… ఊఁ అంటే ఏంటి, వినబడ్డాయనా, లేదనా? అత్తా, వద్దు— ఫోన్ ఇవ్వకు, పడుకుందని చెప్పు, లైను తెగిపోయిందని— అత్తా—

…

ఆ… నేనేనండి. నమస్కారం. ప్రయాణం బాగా జరిగిందా?… ఎండ బాగా ఉందేమో దారిలో.

…లేదండి, ఏడవట్లేదు. జలుబు.

…ఆ. మీతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఉన్నట్టే, మోకాళ్ళ మీదే ఉన్నానండి. అబద్ధమెందుకు చెబుతాను.

…

డబ్బా. అవునండి… పంపాను. మిమ్మల్ని అడక్కుండానే పంపాను, తప్పే. అది… అది పరిచయానికి.

మన పరిచయం వేడుకకేనండి, పెద్దల ముందు పెళ్ళి ఖాయం చేసుకునేదానికి! వచ్చే ఎండాకాలం మా వాళ్ళ ముందుకొచ్చి నిలబడతానని ప్రతి ఎండాకాలం అంటున్నారుగా. పందిరికీ కుర్చీలకీ బయానా ఇచ్చేస్తే… మీకు ఆశ్చర్యంగా ఉంటుందని చెప్పలేదు.

…

నవ్వుతున్నారా?… ఆ. మీరు నవ్వితే నాకూ సంతోషమే.

లేదండి, నేనెక్కడికి పోతాను. గదిలోనే ఉన్నా. మీరొచ్చేదాకా గదిలోనే ఉంటా… ఇప్పుడే బయల్దేరతారా? అప్పుడేనా?… సరేనండి. ఒకసారి అత్తకివ్వరూ, పందిరి సంగతి చెప్పాలి.

…

అత్తా? నువ్వేనా?… ఎక్కడికి నడుస్తున్నావ్, ఒగురుస్తున్నావ్?

కోళ్ళ గూడు దగ్గరా. వాడో?… చాప మీద. కనబడుతున్నాడా నీకు?… కదలకుండా చూస్తుండు. వాడు లేస్తే చెప్పు.

ఏం వాగానో నాకే తెలీదు. నమ్మాడంటావా?… పళ్ళు కనబడేలా నవ్వాడా. నవ్వినా నమ్మడానికి లేదు, మొన్న నా బట్టలన్నీ నీళ్ళ తొట్టిలో ముంచినప్పుడూ అలాగే నవ్వాడు.

…

నా మీద ఫిర్యాదు చేయడానికి వచ్చాడా? మేనత్తకి చెప్పుకోవాలి కాబట్టి పద్ధతిగా వచ్చాడన్నమాట. చక్కెర తెచ్చాడా?… మాంసం, సబ్బులు. అబ్బో. నాకు ఉప్పు కొనమంటే లెక్క అడుగుతాడు.

…ఇంకా?

సంచి అడుగునా?… ఏం తాళం?

…

ఎంత పెద్దది?

…

కొత్తదా. కాగితం కూడా విప్పలేదా.

అత్తా, ఇప్పుడర్థమైంది. ఇవాళ తాళం మర్చిపోలేదు. పాతదానికంటే గట్టిది కొన్నాడు, వచ్చి వేస్తాడు.

…

ఏడుస్తున్నావా?… ఎందుకత్తా. నువ్వెప్పుడూ ఏడవవు.

…

అవును, అన్నావు. కిందటిసారి వచ్చి చెప్పుకుంటే, "మొగుడు తాళం వేస్తే పోగొట్టుకోవడం ఇష్టం లేకే" అన్నావు. ఆ మాట పట్టుకుని రాత్రంతా ఏడ్చాను… లేదు, కోపం లేదు. ఉంది. ఉంది అత్తా, కానీ ఇప్పుడు దానికి టైము లేదు.

వాడు లేస్తున్నాడా?… చెప్పులు వెతుక్కుంటున్నాడా! ఆపు, ఎలాగోలా ఆపు! కలుంగు దాటి పెద్ద రోడ్డెక్కితే ఇక బండి దొరకడం ఎంతసేపు—

…

ఏంటి?

…తెల్ల పుంజు.

అత్తా! అందుకా ఇందాక నాకు కోళ్ళ కథ చెప్పావు!

…అవునవును. ఆడపిల్లవాళ్ళింట్లో కోడి కోశాక తినకుండా ఎలా లేస్తాడు? లేస్తే ఆ పిల్ల మాకొద్దన్నట్టేగా. అందులోనూ ఇప్పుడు పరిచయం మాట వచ్చింది. ఊరందరి ముందూ అల్లుడైపోయాడు మహానుభావుడు! పక్కింటివాళ్ళని కూడా పిలువు, చూడడానికి రమ్మను. వాళ్ళ ముందు అస్సలు లేవడు. పరువంటే ప్రాణం వాడికి.

…ఆ. అరటాకులోనే చుట్టు. ఆవిరి మీద పెట్టు, వేయించకు. వేరుశెనగ ఉందా? నూరలేదుగా? ఇప్పుడు నూరడం మొదలుపెట్టు. కట్టెలు తడిగా ఉన్నవి వెయ్యి. పొగొస్తే కళ్ళు నలుపుకో, ముసలిదాన్నని చెప్పు.

…వాడేం చేస్తున్నాడు?… కూర్చున్నాడా. మళ్ళీ కూర్చున్నాడా!

…

ష్. తలుపు.

…ఎవరో తలుపు కొడుతున్నారత్తా.

…

లైను పెట్టెయ్యకు. మాట్లాడుతూ ఉండు. ఏదో ఒకటి మాట్లాడు.

…ఎవరూ?

…

నాలోంగో. ఈ గది అద్దెకిచ్చినావిడే అత్తా, కవలల తల్లి. హమ్మయ్య… తీసే ఉంది నాలోంగో, తోసుకుని రా. ఎందుకలా చూస్తున్నావ్ నన్ను? ఒంట్లో బాగానే ఉంది. మా అత్తతో మాట్లాడుతున్నా.

పేట చైర్మన్ ముద్ర వేశాడా?… చూపించు. "ఈ రోజుతో గది ఖాళీ చేసింది, బాకీ లేదు"… ఆ. ఇదే.

వినబడిందా అత్తా? ఇక ఈ గదిలో ఎవరుంటే అద్దె వాళ్ళది. ఇప్పుడు వాడు ఎన్ని తాళాలు వేసుకున్నా ఖాళీ గదికే.

…బాకీ ఎలా తీరిందా. ఫ్రిజ్ ఇచ్చేశాను. నాలోంగో ఉంచుకుంటుంది.

తెలుసు. తెలుసు అత్తా, ఎండలో నిలబడి గ్లాసు గ్లాసు అమ్మి కొన్నానని నాకు మాత్రం తెలీదా. దాని తలుపు తుడిచీ తుడిచీ… వద్దు, ఆ మాట ఎత్తకు, ఏడిస్తే ఆలస్యమవుతుంది.

చల్లటి రసం లేకపోతే వేడి టీ అమ్ముతా. నాలోంగో, నవ్వకు. బోడా బైకువాడు వచ్చాడా?… వీధి చివర ఆపమను. ఇంజను ఆపద్దని చెప్పు. ఒక పెట్టె, ఒక మూట, అంతే.

…అత్తా, ఉన్నావా?… పట్టుకున్నావా పుంజుని. అరుపు వినబడుతోంది.

…

ఆగింది.

…

నాకు నీ గురించే భయం. గది ఖాళీ అని తెలిశాక మళ్ళీ నీ దగ్గరికే వస్తాడు. డబ్బడుగుతాడు. నువ్వొక్కదానివి…

…పక్కింటి మగవాళ్ళు ఎంతమంది వస్తున్నారు?… రానీ. పెద్దల ముందు తాళం తీసి చూపించు. అల్లుడు పెళ్ళికూతురికి తెచ్చిన కానుక ఇదేనని చూపించు.

…అంత గట్టిగా నవ్వకు, వాడు వింటాడు.

ఇంక విను. ఈ నంబరుకి మళ్ళీ ఎప్పుడూ చెయ్యకు. మోగినా నేను కాదు. సిమ్ తీసి బల్ల మీద పెట్టేస్తున్నా. ఆయన పేరున ఉన్నది ఆయనకే. కొత్త నంబరు నుంచి నేనే చేస్తా. ఎవరిదో తెలియని నంబరైనా ఎత్తు… రాసుకోలేదు, నీ నంబరు నాకు నోటికొచ్చు. చిన్నప్పుడు తప్పిపోతే చెప్పమని నువ్వే నేర్పావుగా.

…ఆ. నాలోంగో పిలుస్తోంది. పోతున్నా.

…ఏంటి?

…

ఇందాక వాడన్నది నువ్వూ విన్నావా.

…ఆ. ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నానత్తా. అప్పట్నుంచీ. నాకే తెలీలేదు. అందుకేనేమో నాలోంగో అలా చూసింది.

…ఉండు. తిమ్మిరెక్కాయి. బల్ల పట్టుకోనీ.

…

లేచానత్తా.

ఉంటా.